కరెంటా, కాయిలా? మందులకు లొంగని డిప్రెషన్‌కు ఏ మెదడు చికిత్స ఎవరికి

పోయిన ఎండాకాలం ఒక రాత్రి జడ్చర్ల నుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "సార్, మా అమ్మకు కరెంటు పెట్టాలంటుండు డాక్టరు. ఇంకోకాడ అడిగితే కరెంటెందుకు, అయస్కాంతం మిషన్ ఉంది, మతిమరుపు రాదు అంటున్నరు. మీరు మాకు ఫిజిక్స్ చెప్పిన్రు. మెదడు ఖరాబు కానిది ఏదో మీరే చెప్పున్రి."

నేను మిషన్ల మాట ఎత్తలేదు. "అమ్మ అన్నం తింటున్నదా బిడ్డా?" అని అడిగాను. వారం నుంచి గుక్కెడు నీళ్లు తప్ప ఏమీ లోపలికి పోవడం లేదన్నాడు. "నా పేగులు కుళ్లిపోయినయి, తింటే ఏడికి పోతది" అంటున్నదట.

ఆ ఒక్క మాటతో నాకు జవాబు దొరికింది. ఎట్లా దొరికిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నల్లగొండ జిల్లాలో ముప్పై ఏండ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన పంతులును. మా చిన్నమ్మను రెండు విడతలు ఈసీటీకి, అంటే ఆ కరెంటు చికిత్సకు, నేనే తీసుకుపోయాను. ఆర్‌టీఎంఎస్‌కు, అంటే అయస్కాంతం కాయిల్ (తీగచుట్ట) చికిత్సకు, ఆరు వారాలు తిరిగిన మేనల్లుడికి కొన్నాళ్లు తోడు పోయాను. అప్పుడు చదివినదీ, డాక్టర్లను విసిగించి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను. డాక్టరు గదిలోకి పోయేముందు మీకు అడగడం వస్తే చాలు.

ముందుగా, ఈ చికిత్సలు ఎవరి కోసం? కొత్తగా కుంగుబాటు మొదలైనవాళ్లలో చాలామందికి ఇవి అక్కరలేదు. మాత్రలు, మాట్లాడి చేసే చికిత్స, రెండూ కలిపి ఎక్కువమందిని లేపి నిలబెడతాయి. రెండు రకాల మందులు, ఒక్కోటి సరైన మోతాదులో కనీసం ఆరు వారాలు వాడినా తగ్గకపోతే డాక్టర్లు దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు. "వాడినా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మా చిన్నమ్మ నెల రోజుల మాత్రలు చీర మడతల్లో దాచింది. మందు పనిచేయడం లేదని డాక్టరు, మోతాదు పెంచుతున్నారని మేము అనుకుంటూ పోయాం. థైరాయిడ్ పరీక్ష, బి12 పరీక్ష అయ్యాయా, ఎప్పుడైనా అతి హుషారు, నిద్ర లేకుండా తిరగడం లాంటి దశ వచ్చిందా, తాగుడు ఉందా అన్నవి తేలకముందే మిషన్ దాకా పోతే డబ్బు పోతుంది, నమ్మకమూ పోతుంది.

ఈసీటీ: మనవాళ్లు కరెంటు అనేది

1938లో రోమ్‌లో ఉగో చెర్లెట్టి, లూచియో బిని అనే ఇద్దరు వైద్యులు మొదటిసారి మనిషి మీద చేశారు. అప్పట్లో మత్తు లేదు. ఒళ్లంతా కొట్టుకునేది, ఎముకలు విరిగేవి. సినిమాల్లో చూపించేది ఆ కాలపు సంగతే. ఇప్పుడు మన దేశంలో మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ఆ పద్ధతిని నిషేధించింది. 18 ఏండ్లు నిండని పిల్లలకైతే సంరక్షకుల అంగీకారంతో పాటు మెంటల్ హెల్త్ బోర్డు ముందస్తు అనుమతి ఉండాల్సిందే.

గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే భయమంతా ఆ తలుపు వెనకే ఉంటుంది. రాత్రి నుంచి ఏమీ తినకూడదు. పొద్దున కట్టుడు పళ్లు తీయిస్తారు. చేతి నరానికి సూది పెట్టి మత్తిస్తారు, నిమిషంలోపే నిద్ర. తర్వాత కండరాలు సడలే మందు. ముక్కు, నోటి మీద మాస్క్ పెట్టి ఆక్సిజన్. నాలుక తెగకుండా పళ్ల మధ్య రబ్బరు. అప్పుడు కొన్ని సెకన్ల పాటు కరెంటు. ఇంట్లో స్విచ్‌బోర్డు నుంచి తగిలే షాకుతో దీన్ని పోల్చకండి. అక్కడ కరెంటు చేతిలోంచి గుండె మీదుగా భూమిలోకి దిగుతుంది. ఇక్కడ తల మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకే పోతుంది, అదీ ఒక ఆంపియర్ కన్నా కొంచెం తక్కువ, సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ ఉండే చిన్న చిన్న తునకలుగా. అందులోనూ చాలా భాగాన్ని చర్మం, పుర్రె పక్కకు మళ్లిస్తాయి. మా చిన్నమ్మకు కాలి బొటనవేలు మాత్రం కాస్త అదిరింది. పది పదిహేను నిమిషాల్లో కళ్లు తెరిచి "ఇంకా షురూ చేయలేదా?" అని అడిగింది.

చికిత్స చేసేది ఆ కరెంటు కాదు, అది లేపే ఫిట్. మెదడు కణాలన్నీ అర నిమిషం నుంచి నిమిషం పాటు ఒక్క తాళానికి మోగుతాయి. మెదడు కరెంటును కొలవడానికి తల మీద పెట్టిన ఈఈజీ తీగలు గీసే కాగితం మీద గీతలు ముందు పొడవుగా, దట్టంగా వస్తాయి, తర్వాత విడివిడిగా, ఆ తర్వాత ఒక్కసారిగా సమంగా పడిపోతాయి. ఆ పడిపోవడమే డాక్టరు చూసేది. రంకె వేసి ఉరికే ఎద్దును పగ్గం బిగించి నిలబెట్టినట్టు మెదడు తన ఫిట్‌ను తానే ఆపుకున్నదన్నమాట. సెషన్ తర్వాత సెషన్ ఆ పగ్గం బలపడుతుంది. మొదటి రోజు సరిపోయిన కరెంటు ఐదో రోజు ఫిట్ తేలేదు, పెంచాల్సి వస్తుంది. మెదడులో అదుపు చేసే రసాయనాల పని పెరగడమే దీనికి కారణమని, డిప్రెషన్ తగ్గడంలో దానికీ వాటా ఉందని ఒక బలమైన వాదన.

అయితే ఫిట్ వస్తే చాలా? చాలదు. కరెంటు బిళ్లలను తల కుడి పక్క మాత్రమే పెట్టి, ఫిట్ రావడానికి కావలసినంత కనీస కరెంటు ఇస్తే ఫిట్ వస్తుంది గానీ జబ్బు పెద్దగా తగ్గదు. అదే కుడి పక్క ఆరు రెట్ల మోతాదు ఇస్తే తగ్గుతుంది. ఫిట్ ఎక్కడి నుంచి, ఎంత బలంగా పాకిందన్నదే లెక్క. 2012లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 9 మంది రోగుల మెదళ్లను ఈసీటీకి ముందూ తర్వాతా స్కాన్ చేశారు. నుదుటి ఎడమవైపు వెనక భాగానికి మిగతా మెదడుతో ఉన్న అతి గట్టి ముడి చికిత్స తర్వాత సడలింది. దిగులు ఆలోచన గానుగెద్దులా ఒకే చోట తిరగడం చూసినవాళ్లకు ఆ ముడి సడలడమంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇంకొకటి. హిప్పోక్యాంపస్ అని జ్ఞాపకాలకు ముఖ్యమైన చిన్న భాగం ఉంది. ఏండ్ల తరబడి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లలో అది కొంత చిక్కి కనిపిస్తుంది. ఈసీటీ తర్వాత అది ఉబ్బుతుందని పలు దేశాలు కలిసి చేసిన ఎంఆర్‌ఐ పరిశీలనల్లో మళ్లీ మళ్లీ తేలింది. జంతువుల్లో చూస్తే కొత్త కణాలు పుట్టడం కూడా కనిపించింది. కానీ దీన్ని చూసి సంబరపడకండి. ఎక్కువ ఉబ్బినవాళ్లు ఎక్కువ బాగుపడ్డారని తేలలేదు, కొన్ని నెలలకు ఆ కొలత మళ్లీ పాత స్థితికి దిగింది. "మెదడు పెరుగుతుంది" అని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మవద్దు. "మెదడు కాలిపోతుంది" అన్నా నమ్మవద్దు. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే గుర్తుల కోసం వెతికితే ఈసీటీ తర్వాత అవి పెరిగినట్టు కనిపించలేదు.

అసలు నష్టం వేరే ఉంది. జ్ఞాపకం. దీన్ని దాచి ఈసీటీకి ఒప్పించేవాళ్లంటే నాకు కోపం. లేవగానే కొంతసేపు తికమక చాలామందికి ఉంటుంది. చికిత్స నడిచిన వారాల్లో విన్నది నిలవదు. ఇది రెండు వారాల్లో సర్దుకుంటుందని, కొన్ని విషయాల్లో చికిత్సకు ముందటి కన్నా మెరుగవుతుందని పరీక్షలు పెట్టి చూసిన అధ్యయనాలను 2010లో కలిపి లెక్కించినప్పుడు తేలింది. ఆ పరీక్షలకు అందనిది సొంత జ్ఞాపకం. చికిత్సకు ముందటి కొన్ని నెలల్లో జరిగిన సంగతులు కొందరికి చెదిరిపోతాయి, కొందరికి ఎప్పటికీ తిరిగి రావు. మా చిన్నమ్మకు మనుమరాలి బారసాల గుర్తు లేదు. ఫోటో చూపిస్తే "నేను నవ్వుతున్న గదా" అంటుంది గానీ ఆ రోజు జ్ఞాపకం ఆమెలో లేదు. ఆమె బతికి ఉన్నందుకు మేము దాన్ని ఒప్పుకున్నాం. ఒప్పుకోవాల్సింది మాత్రం మేము కాదు, ఆమె. అందుకే ముందే చెప్పి అడగాలి.

ఈ నష్టాన్ని తగ్గించే దారి ఉంది. రెండు కణతల మీద పెట్టే పద్ధతి వేగంగా పనిచేస్తుంది, మరుపు ఎక్కువ. కుడి పక్క మాత్రమే పెడితే మరుపు తక్కువ. కరెంటు తునకను సెకనులో వెయ్యో వంతులో మూడో వంతుకు కుదిస్తే మరుపు ఇంకా తక్కువ, కానీ పనితనం కొంత నెమ్మదిస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రెండు కణతలు, కాస్త వ్యవధి ఉన్నప్పుడు కుడి పక్క. "మా అమ్మకు ఎక్కడ పెడుతున్నరు, ఎందుకు?" అని డాక్టర్ని అడిగే హక్కు మీకుంది.

ఇంత నష్టం పెట్టుకుని ఎందుకు చేయించాలంటే, దాని వేగానికి మామూలు మాత్రలేవీ సాటి రావు కాబట్టి. అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో చనిపోవాలన్న ఆలోచన తీవ్రంగా ఉన్నవాళ్లు 131 మంది. మూడు సెషన్లు, అంటే వారం తర్వాత, వాళ్లలో 38 శాతం మందికి ఆ ఆలోచన పూర్తిగా పోయింది. ఆరు సెషన్లకు 61 శాతం. చికిత్స ముగిసేసరికి 81 శాతం. పురుగుల మందు డబ్బా ఇంట్లోనే ఉండే పత్తి చేన్ల ఊళ్లలో వారం అంటే ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక పేగులు కుళ్లాయి, నేను పాపం చేశాను, పోలీసులు వస్తున్నారు లాంటి భ్రమలతో కూడిన డిప్రెషన్‌లో ఈసీటీ మరింత బాగా పనిచేస్తుంది. ప్రాణాపాయం ప్రతి లక్ష సెషన్లకు రెండు చొప్పున, అంటే చిన్న ఆపరేషన్‌కు ఇచ్చే మత్తులో ఉండేంత.

ఒక లోటు మాత్రం గట్టిగా చెప్పాలి. ఈసీటీ లేపుతుంది, నిలబెట్టదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈసీటీతో బాగైనవాళ్లను మూడు జట్లు చేశారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆరు నెలల్లోపే 84 శాతం మందికి తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 60 శాతం, దానికి మనసును నిలకడగా ఉంచే లిథియం అనే మందు కలిపినవాళ్లలో 39 శాతం. మా చిన్నమ్మకు రెండో విడత ఎందుకు అవసరమైందో ఈ అంకెల్లోనే ఉంది. "కరెంటుతోని నయమైంది, ఇంక గోలీలెందుకు" అన్నాం. దసరాకు లేచి తిరిగిన మనిషి సంక్రాంతికి మళ్లీ మంచం పట్టింది.

ఆర్‌టీఎంఎస్: అయస్కాంతం కాయిల్

దీన్ని అర్థం చేసుకోవడానికి పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అందులో రెండు తీగచుట్టలు ఒకదాన్నొకటి తాకవు. ఒక దానిలో కరెంటు మారుతుంటే రెండోదాంట్లో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమిది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం తీగచుట్టను మనిషి తల దగ్గర పెట్టింది. రెండో చుట్ట స్థానంలో ఇక్కడ మెదడే ఉంటుంది. పుర్రె అడ్డం రాదు, ఎందుకంటే అయస్కాంత క్షేత్రానికి ఎముక లెక్కలేదు. మత్తు అక్కరలేదు, ఫిట్ రాకూడదు. కుర్చీలో కూర్చుంటే ఎనిమిది అంకె ఆకారపు కాయిల్‌ను నుదుటికి ఎడమ పక్క పైన ఆనిస్తారు. టకటకా చప్పుడు, నెత్తి మీద వేలితో కొట్టినట్టు. చెవుల్లో దూది లాంటివి పెడతారు. మొదటి రోజు మాత్రం కాయిల్ ఇంకోచోట పెట్టి, బొటనవేలు ఎంత బలానికి అదురుతుందో చూసి మోతాదు కడతారు.

కాయిల్ బలం లోపలికి రెండు మూడు సెంటీమీటర్లే దిగుతుంది. దిగులుతో ముడిపడిన భాగమేమో ఇంకా చాలా లోతున, రెండు అర్ధగోళాల నడుమ ఉంది. మరి ఎట్లా పనిచేస్తుంది? సాగర్ ఎడమ కాలువ కింద సాగు చేసేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. చివరి మడికి నీళ్లు రావాలంటే చివరి మడి దగ్గర నిలబడి లాభం లేదు, పైన తూము తిప్పాలి. నుదుటి వెనక ఎడమవైపు ఉన్న ఆ చోటుకూ లోతైన దిగులు కేంద్రానికీ మధ్య నరాల దారి ఉంది. ఒకటి చురుకైతే రెండోది నెమ్మదిస్తుంది. డిప్రెషన్‌లో పైది మందగించి, లోపలిది అదుపు లేకుండా మండుతుంటుంది. కాయిల్ పైదాన్ని రోజూ తట్టి లేపుతుంది. సెకనుకు పదిసార్లు తడితే ఆ చోటు హుషారవుతుంది. కుడి పక్కన సెకనుకు ఒకసారి తడితే అక్కడ నెమ్మదిస్తుంది. ఒక్కరోజు తడితే నిలవదు. రోజూ తడితే నరాల మధ్య అతుకు బలపడుతుంది, ఎక్కం పదిసార్లు వల్లె వేసినట్టు.

అందుకే ఇది వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన పద్ధతిలో ఒక్కో సెషన్ 37 నిమిషాలపైన. 2018లో కెనడాలో 414 మందితో చేసిన అధ్యయనం తీటా బర్స్ట్ అనే మూడు నిమిషాల పద్ధతి కూడా దానికి తీసిపోదని చూపించింది. కాబట్టి "మూడు నిమిషాలేనా, మోసం చేస్తున్నరు" అనుకోకండి. మాత్రలు పనిచేయనివాళ్లలో దాదాపు సగం మందికి దీనితో గుర్తించదగ్గ మేలు కలుగుతుంది, మూడో వంతు మందికి జబ్బు పూర్తిగా అణుగుతుంది.

మరుపు రాదన్న మాట నిజం. నెత్తి నొప్పి, తలనొప్పి మొదటి వారం ఉంటాయి. ఫిట్ వచ్చే ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. తలలో లోహపు క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు చేయకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. మా మేనల్లుడు బ్యాంకు పరీక్షకు చదువుతున్నవాడు, చదివింది పోతే వాడికి ఏమీ మిగలదు. వాడి విషయంలో మేము రెండో ఆలోచన చేయలేదు. మూడో వారం దాకా ఏ మార్పూ లేదు, "పోదాం పా, పైసలు దండగ" అన్నాడు. నాలుగో వారంలో పొద్దున తానే లేచి స్నానం చేశాడు.

టీడీసీఎస్ గురించి తక్కువ మాటలు

చిన్న బ్యాటరీ పెట్టె, తల మీద రెండు తడి స్పాంజీలు, ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు, అరగంట. ఇది నరాన్ని మోగించదు, మోగడానికి కాస్త సుముఖం చేస్తుంది. వానలా కాదు, దుక్కికి ముందు నేలలో ఉండే పదునులా. ఫలితాలూ అట్లాగే పలచగా ఉన్నాయి. 2017లో బ్రెజిల్‌లో 245 మందితో చేసిన అధ్యయనంలో ఇది ఎస్కిటాలోప్రామ్ అనే మామూలు మాత్రకు సమానమని రుజువు కాలేదు. 2023లో జర్మనీలో మాత్రలకు తోడుగా ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మిషన్ కన్నా మెరుగు కనిపించలేదు. ఇంట్లోనే పెట్టుకునే పద్ధతికి 2024లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం అనుకూలంగా ఉంది. నా అభిప్రాయం అడిగితే, తేలికపాటి డిప్రెషన్‌లో డాక్టరు చూపు కింద ప్రయత్నించడంలో తప్పు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టె కొని సొంతంగా పెట్టుకోవద్దు, స్పాంజి ఆరితే చర్మం కాలుతుంది. తిండి మానేసిన మనిషికి ఇది చికిత్స కాదు.

మెదడు లోపల తీగ అమర్చే డీబీఎస్‌ను డిప్రెషన్ కోసం 2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్ బృందం ఆరుగురి మీద మొదలుపెట్టింది, నలుగురు తేరుకున్నారు. తర్వాతి పెద్ద అధ్యయనం మధ్యలో ఆగింది. ఇది ఇప్పటికీ పరిశోధన దశే. మెడలోని వేగస్ నరానికి పరికరం అమర్చే వీఎన్ఎస్‌కు ఆపరేషన్ కావాలి, ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. ఈ రెండింటి కోసం భూమి అమ్ముకునే అవసరం మన కుటుంబాలకు లేదు.

మన దగ్గర ముందే చెప్పాల్సిన మూడు సంగతులు

ఏ కరపత్రంలోనూ ఇవి ఉండవు. పట్నం డాక్టరు అడగకపోవచ్చు. మీరే చెప్పాలి.

ఒకటి, ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పాత బావుల నీళ్లు తాగి పెరిగినవాళ్లలో వెన్ను, మెడ బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మత్తిచ్చేటప్పుడు తల వెనక్కి వంచి ఊపిరి అందిస్తారు. వంగని మెడను బలవంతంగా వంచితే ప్రమాదం. మా చిన్నమ్మ మెడ సగమే తిరుగుతుంది. మత్తు డాక్టరుకు ముందే చెప్తే ఎక్స్‌రే తీయించి, తగ్గట్టు సిద్ధమయ్యారు. కండరాలు సడలే మందు ఇట్లాంటి ఎముకలకు మరింత ముఖ్యం.

రెండు, పురుగుల మందు. తాగి బతికి బయటపడ్డవాళ్లకే తరచుగా ఈసీటీ రాస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు రక్తంలో కోలినెస్టరేస్ అనే ఎంజైమ్‌ను పడగొడతాయి, అది తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. ఈసీటీలో వాడే సక్సినిల్‌కోలిన్‌ను విరిచేది ఆ ఎంజైమే. అది లేకపోతే నాలుగైదు నిమిషాల్లో పోవాల్సిన కండరాల సడలింపు గంటలు ఉండి, అంతసేపూ వెంటిలేటర్ మీద ఊపిరి అందించాల్సి వస్తుంది. సిగ్గుపడి దాచకండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించవద్దని అదే 2017 చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. ఏ మందు, ఏ తారీఖు, డబ్బా ఉంటే డబ్బా చూపించండి. రక్తపరీక్షతో తేలుతుంది, వేరే మందు వాడొచ్చు.

మూడు, కల్లు. చెట్టు కల్లు సంగతి వేరు. పాలమూరు వైపు డిపోల్లో అమ్మే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి కలుపుతారని అందరికీ తెలిసిందే. 2015లో సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు ఎంతమంది ఫిట్లతో, వింత మాటలతో ఆస్పత్రుల పాలయ్యారో గుర్తుంది కదా. ఆ మందు ఒంట్లో ఉంటే ఈసీటీలో ఫిట్ సరిగా రాదు. ఉన్నట్టుండి మానేస్తే ఆర్‌టీఎంఎస్ కుర్చీలో రాకూడని ఫిట్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. "మా నాయినకు సాయంత్రం రెండు సీసాలు అలవాటు" అని చెప్పండి, డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తూ తెస్తారు. నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకూ ఇదే మాట.

ఇక ఎంపిక

తిండి నీళ్లు మానేసినా, చనిపోవడానికి పూనుకున్నా, భ్రమల్లో ఉన్నా, మాటా కదలికా ఆగి రాయిలా అయినా ఈసీటీ. అక్కడ ఆరు వారాలు వేచి చూసే తీరిక లేదు. గర్భిణికి కూడా తగిన జాగ్రత్తలతో ఇవ్వొచ్చు. ఈ మధ్యే గుండెపోటు, పక్షవాతం వచ్చినా, మెదడులో గడ్డ ఉన్నా ముందు ఆ జబ్బు చూసే డాక్టరు మాట కావాలి.

మనిషి తింటున్నాడు, పడుతూ లేస్తూ పనికి పోతున్నాడు, కానీ రెండు మూడు రకాల మందులు వాడినా ఆ నలుపు వదలడం లేదు. జ్ఞాపకం పోతే బతుకుదెరువు పోతుంది: విద్యార్థి, టీచరు, లెక్కలు రాసేవాడు. వీళ్లకు ముందు ఆర్‌టీఎంఎస్. అది పనిచేయకపోతే ఈసీటీ తలుపు తెరిచే ఉంటుంది. ఈసీటీ పనిచేయనివాళ్లకు ఆర్‌టీఎంఎస్ పనిచేసే అవకాశం తక్కువ.

దూరం కూడా చికిత్సలో భాగమే. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. ఈసీటీ వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండు. ఆస్పత్రిలో ఉంచుకునే చేస్తారు చాలావరకు. ఆర్‌టీఎంఎస్‌కు ఇరవై నుంచి ముప్పై రోజులు పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగాలి, లేదా పట్నంలో గది తీసుకోవాలి. కూలికి పోయే ఇంట్లో రోగి ఒక్కరి కూలీ పోదు, తోడు పోయేవాళ్లదీ పోతుంది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఉంది కాబట్టి తల్లికో అక్కకో తోడుగా ఆడమనిషి పోతే ఆ ఖర్చు తప్పుతుంది. మధ్యలో పదో రోజున మానేసే ఆర్‌టీఎంఎస్ కన్నా పూర్తిగా చేయించే ఈసీటీ మేలు. ఈ లెక్క చూసుకోకుండా "కరెంటు వద్దు" అన్న ఒక్క భయంతో కాయిల్ వైపు పోయి, డబ్బులైపోయి సగంలో ఆగినవాళ్లను చూశాను.

ఎర్రగడ్డ పేరు మన ఊళ్లలో తిట్టుగా వాడతారు. ఆ తిట్టు వల్లనే ఎంతమంది ఆలస్యంగా పోతున్నారో. అది హైదరాబాద్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, అంతే. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈసీటీ, ఆర్‌టీఎంఎస్ రెండూ ఉన్నాయి. మొదటి అడుగుగా మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రుల్లో, బీబీనగర్ ఎయిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించొచ్చు. ఎవరికి చూపించాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే, మానసిక జబ్బులను ఒంటి జబ్బులతో సమానంగా చూడాలని చట్టం చెప్తుంది. కానీ ఆర్‌టీఎంఎస్ లాంటిది ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునేది కాబట్టి ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఈసీటీ మొదలయ్యే ముందు ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొనండి. రోగి చేతనే, చేతకాకపోతే పక్కన కూర్చుని, ఇవి రాయించండి: ఎవరికి ఎంత బాకీ, ఎవరి దగ్గర రావాలి, పాసుబుక్కు ఎక్కడ, బంగారం ఎక్కడ, ఫోన్ తాళం అంకెలు, ఈ ఏడాది ఇంట్లో జరిగిన పెండ్లిళ్లు, చావులు, పుట్టుకలు. ఫోటోలు అంటించండి. చికిత్స నడిచే నెలలో సంతకాలు, అమ్మకాలు పెట్టుకోవద్దు. మా చిన్నమ్మకు మొదటి విడతలో మేము ఇది చేయలేదు, రెండో విడతలో చేశాం.

జడ్చర్ల అబ్బాయి తల్లికి ఈసీటీయే చేయించారు. నాలుగో సెషన్ మరునాడు ఫోన్ చేసి "సార్, జొన్నరొట్టె అడిగింది" అన్నాడు, ఇంక మాట రాలేదు వాడికి. మొత్తం ఎనిమిది అయ్యాయి. ఇప్పుడు లిథియం వేసుకుంటున్నది, దానికి రక్తపరీక్షలు ఉంటాయి. ఆ తారీఖులన్నీ వాడు ఆ నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాడు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు: "అమ్మ మంచిగనే ఉంది సార్, గోలీలు బంద్ చేయొచ్చా?" వద్దు బిడ్డా, డాక్టరు చెప్పేదాక వద్దు అన్నాను.